శాతవాహన నాణేలు: సేకరించే పద్ధతి, గుర్తించే క్రమం

చింతగింజంత సీసపు నాణేన్ని మొదటిసారి అరచేతిలో పెట్టుకున్నవారు ముందుగా గమనించేది దాని బరువునే. చూపుకు ఆనని ఆ బూడిదరంగు బిళ్ళ తన పరిమాణానికి మించిన బరువుతో చేతికి తగులుతుంది. తర్వాత కళ్ళు దానిపై ఉన్న గుర్తులను వెతుకుతాయి. ఒక వైపు తొండమెత్తిన ఏనుగో, నిలబడ్డ సింహమో సగం అరిగి కనిపిస్తుంది. మరో వైపు ఒకదానినొకటి దాటిన రెండు గీతలు, వాటి నాలుగు కొసలకు నాలుగు సున్నాలు ఉంటాయి. అంచు వెంట రెండో మూడో అక్షరాలు మిగిలి ఉంటాయి, తక్కినవి అచ్చు కొట్టిన రోజే బిళ్ళ బయట పడిపోయి ఉంటాయి. ఇంత అసంపూర్ణంగా ఉన్న వస్తువును చూసి, ఇది ఏ లోహం, ఏ రాజ్యం, ఏ ప్రాంతం, వీలైతే ఏ రాజు అని ఒక్కొక్క మెట్టు తేల్చుకుంటూ పోవడంలోని ఆనందమే ఈ అభిరుచికి ప్రాణం. ఆ మెట్లు ఏ వరుసలో ఎక్కాలో కొత్తగా మొదలుపెడుతున్నవారికి చెప్పడానికే ఈ వ్యాసం.

ప్రాచీన నాణేలన్నిటినీ ఒకేసారి సేకరించాలనుకోవడం మంచిది కాదు. గ్రీకు, రోమన్, కుషాణ, గుప్త నాణేలన్నీ ఒకే డబ్బాలో పోగుపడితే డబ్బా నిండుతుంది గాని చూపు పదును పడదు. తెలుగువారికి శాతవాహన నాణేలు సహజమైన ఆరంభం. ఈ నేలపైనే చెలామణి అయిన డబ్బు ఇది. సీసం, పోటిన్ అనే మిశ్రమ లోహం, రాగి, వెండి అనే నాలుగు రకాలలో దొరుకుతుంది. బంగారు నాణేల జోలికి పోని రాజవంశం కనుక వీటి కోసం ఇల్లు తాకట్టు పెట్టవలసిన అవసరం కూడా రాదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఇందులో ఇంకా తేలని ప్రశ్నలు చాలా ఉన్నాయి. వంశ స్థాపకుడిగా చెప్పే చిముకుడి కాలంపైనే పండితులలో ఏకాభిప్రాయం లేదు. జాగ్రత్తగా రాసి పెట్టుకునే సాధారణ సేకర్త కూడా ఇలాంటి రంగంలో పనికొచ్చే సమాచారం ఇవ్వగలడు.

ముందుగా చట్టం

ఈ విషయాన్ని వ్యాసం చివర చిన్న అక్షరాలలో చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. నేలలో దొరికిన నాణెం దొరికినవారి సొంతం కాదు. 1878 నాటి భారత నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, నేలలో దాగి ఉండి బయటపడిన వస్తువు విలువ పది రూపాయలు మించితే దొరికిన వ్యక్తి ఏమి దొరికింది, ఎక్కడ దొరికింది, ఏ రోజు దొరికింది అన్నది రాతపూర్వకంగా కలెక్టరుకు తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. ఇక 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్ళు దాటిన నాణేన్ని పురావస్తువుగా లెక్కిస్తుంది. వాటితో వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి. ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించడం నిషేధం. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడి సెలవులకు వచ్చే మనవాళ్ళు, తాతగారి పెట్టెలోని నాణేన్ని జ్ఞాపకంగా పట్టుకెళ్దామని సూట్‌కేసులో పెట్టుకోవడం కూడా ఈ నిషేధం కిందికే వస్తుంది. ఆ నాణేన్ని ఇక్కడే ఇంట్లోవారి దగ్గర ఉంచి, మంచి ఫొటోలు వెంట తీసుకువెళ్ళడం సరైన పని.

పాత దిబ్బల మీద, నది ఒడ్డున, రక్షిత స్థలాలలో తవ్వడం గాని, లోహాలను పసిగట్టే యంత్రాలతో గాలించడం గాని ఎంతమాత్రం చేయకూడదు. శిక్ష పడుతుందన్న భయం ఒక్కటే దీనికి కారణం కాదు. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాల సంగతి చూడండి. అక్కడ నేల మీద దొరికిన నాణేలలో గోభద, నారన, కంవాయ, సమగోప అనే పేర్లు కనిపించాయి. వారు శాతవాహనులకు ముందు ఆ ప్రాంతాన్ని ఏలినవారని పండితులు భావిస్తారు. చిముకుడి నాణేలు కూడా అక్కడే దొరికాయి. అవే నాణేలు ఎక్కడివో తెలియకుండా ఏ నగరంలోని దుకాణంలోనో తేలి ఉంటే, గోభదుడు ఏ ఊరివాడో చెప్పే ఆధారమే ఉండేది కాదు. దొరికిన చోటు తెలియని నాణెం సగం నాణెమే. సేకర్తగా మీరు ఏ పని చేసినా ఈ మాట గుర్తుంచుకోవాలి.

పెద్దపల్లి జిల్లా పెద్దబంకూరు తవ్వకాలలో కుండలలో పోసి దాచిన నాణేలు వేల సంఖ్యలో బయటపడ్డాయి. సంగారెడ్డి జిల్లా కొండాపురంలో నాణేలతో పాటు వాటిని తయారుచేయడానికి వాడిన మట్టి మూసలు కూడా దొరికాయి. కొండాపురంలో భారత పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో చాలా పెద్ద నాణేల సేకరణ ఉంది. ఒక్క నాణెం కొనకముందే ఇలాంటి చోట్ల రెండు మూడు రోజులు గడపండి. అద్దం వెనుక ఉన్న అసలు నాణేలను వంద చూసిన కంటికి, తర్వాత చేతికి వచ్చే నకిలీ ఏదో తేడాగా తోస్తుంది. ఆ తేడా ఏమిటో మాటల్లో చెప్పడం కష్టమే అయినా, ఆ చూపే మీకు మొదటి రక్షణ.

బల్ల మీద ఉండవలసినవి

పనిముట్లు ఎక్కువ అక్కరలేదు. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, గ్రాములో వందో వంతు వరకు చూపే చిన్న డిజిటల్ కాటా, మిల్లీమీటర్ల కొలబద్ద, పక్కకు వంచగలిగిన టేబుల్ లైటు, మెత్తని గుడ్డ ఉంటే చాలు. వీటిలో జనం తక్కువ అంచనా వేసేది లైటును. నాణెం మీదికి నేరుగా వెలుగు పడితే అరిగిన గుర్తులు చదునుగా కలిసిపోతాయి. లైటును బల్ల ఎత్తుకు దించి, వెలుగు నాణేన్ని పక్క నుంచి రాసుకుంటూ పోయేలా పెట్టి, నాణేన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ చూస్తే అక్షరాలు నీడలుగా పైకి లేస్తాయి. ఒకే నాణేన్ని ఎనిమిది దిక్కుల వెలుగులో ఎనిమిది ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టి చూడడం అలవాటు చేసుకోండి.

గుర్తించే క్రమం

లోహం, తూకం, తయారీ, గుర్తులు, అక్షరాలు. ఈ వరుసను తప్పవద్దు. కొత్తవారు చేసే పొరపాటు ఏమిటంటే, అక్షరాలతో మొదలుపెట్టి, కనిపించిన ఒక్క అక్షరాన్ని పట్టుకుని తమకు నచ్చిన రాజు పేరు ఊహించి, తర్వాత మిగిలిన లక్షణాలన్నిటినీ ఆ ఊహకు తగినట్టు చూడడం.

సీసం బూడిదరంగులో, పాత పొర పట్టి మెరుపు లేకుండా ఉంటుంది. పోటిన్ అంటే రాగి, తగరం, సీసం కలిసిన మిశ్రమం. అది ముదురు గోధుమ రంగు నుంచి నలుపు వరకు రకరకాలుగా కనిపిస్తుంది, విరిగిన చోట పెళుసుగా ఉంటుంది. రాగి మీద పచ్చని చిలుము పడుతుంది. సందేహం వచ్చినప్పుడు లోహాన్ని గీకి చూడడం పాపమే. దానికి బదులు నీళ్ళలో తూచే పద్ధతి ఉంది. కాటా మీద నీళ్ళ గ్లాసు పెట్టి, అంకెను సున్నా చేసి, సన్నని దారంతో నాణేన్ని అడుగుకు, గోడలకు తగలకుండా నీళ్ళలో వేలాడదీయండి. కాటా చూపే అంకె ఆ నాణెం తొలగించిన నీటి బరువు. గాలిలో 6.80 గ్రాములు తూగిన నాణెం నీళ్ళలో 0.62 చూపిందనుకుందాం. భాగిస్తే సుమారు 11 వస్తుంది. స్వచ్ఛమైన సీసపు సాంద్రత 11.3 కనుక, పైన పొర పట్టిన పాత సీసానికి ఇది సరిపోతుంది. అదే నాణెం 0.95 చూపితే సాంద్రత 7 దగ్గరికి వస్తుంది. అది సీసం కాదు, తగరమో జింకో కలిపి పోసిన నకిలీ కావచ్చు. పని ముగిసిన వెంటనే నాణేన్ని తుడిచి ఆరబెట్టాలి. మరీ చిన్న నాణేలకు ఈ లెక్కలో తప్పు పెరుగుతుంది కాబట్టి మూడు సార్లు తూచి సగటు తీయండి.

తూకం శాతవాహన సీసపు నాణేలలో పెద్దగా తీర్పు చెప్పదు. గ్రాము కూడా తూగనివి ఉన్నాయి, పది గ్రాములు దాటినవీ ఉన్నాయి. వెండి విషయంలో మాత్రం తూకం గట్టి సాక్షి. రాజు తల ఉన్న శాతవాహన వెండి నాణెం, పడమటి భారతాన్ని ఏలిన శక రాజులైన పశ్చిమ క్షత్రపుల నాణేల ప్రమాణాన్ని అనుసరించి సుమారు 2 గ్రాములు ఉంటుంది. వాటికంటే పాతవైన విద్ధాంక వెండి నాణేలు, అంటే విడివిడి గుర్తులను ఒకదాని పక్కన ఒకటి గుద్దినవి, మూడున్నర గ్రాములకు కాస్త తక్కువగా ఉంటాయి. వాటి ప్రమాణం 32 రత్తికలు. రత్తిక అంటే గురివింద గింజ తూకం. నిన్నమొన్నటి వరకు మన కంసాలులు బంగారం తూచిన గింజ అదే. అమరావతిలో దొరికిన నిధిలో ఇలాంటి విద్ధాంక నాణేలు ఏడు వేలకు పైగా ఉన్నాయి. గుండ్రంగా లేకుండా, మూలలు కత్తిరించిన వెండి రేకు ముక్క మీద సూర్యుడి గుర్తు కనిపిస్తే మీ చేతిలో ఉన్నది చాలా వరకు శాతవాహనులది కాదు, వారికంటే ముందుదని అనుకోవచ్చు.

ఇక గుర్తుల సంగతి. నాలుగు సున్నాల గుర్తును ఉజ్జయినీ చిహ్నం అంటారు. శాతవాహన నాణేల బొరుసు వైపు ఎక్కువగా కనిపించేది ఇదే. వంపు మీద వంపు పేర్చినట్టు ఉండే కొండను చైత్యం గుర్తు అని కూడా అంటారు. ఆ వంపులు మూడా ఆరా అన్నది లెక్కపెట్టండి, అది ముఖ్యం. కంచెలో చెట్టు, స్వస్తిక, శ్రీవత్సం, నదిని సూచించే మెలికల గీత కూడా తరచూ వస్తాయి. బొమ్మ వైపు ఏనుగు, సింహం, గుర్రం, ఎద్దు, ఓడ కనిపిస్తాయి.

బొమ్మను బట్టి ప్రాంతాన్ని చాలా వరకు ఊహించవచ్చు. తొండమెత్తిన ఏనుగు, వెనుక ఉజ్జయినీ చిహ్నం ఉన్న పోటిన్ నాణేలు విదర్భ వైపు ఎక్కువ. 1939లో అప్పటి అకోలా జిల్లాలోని తర్హాళాలో దొరికిన నిధిలో ఇలాంటివి పదిహేను వందలకు పైగా ఉన్నాయి. రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మ గల సీసపు నాణేలు తూర్పు తీరానివి. ఆ బొమ్మను చూస్తే రేవుల మీదుగా సాగిన వ్యాపారం కళ్ళకు కడుతుంది. ఎక్కుపెట్టిన విల్లు, బాణం ఉన్న పెద్ద సీసపు నాణేలు కొల్హాపురం ప్రాంతానివి. వాటిపై విళివాయకుర, శివలకుర వంటి పేర్లుంటాయి. సింహం బొమ్మతో, పేరు చివర ‘సద’ అని వచ్చే సీసపు నాణేలు కోస్తాంధ్రను ఏలిన సద రాజులవి. సింహం ఉంది కదా అని వాటిని శాతవాహనుల లెక్కలో వేయకూడదు. అలాగే 3వ శతాబ్దంలో విజయపురి (నేటి నాగార్జునకొండ) నుంచి ఏలిన ఇక్ష్వాకులు కూడా చిన్న సీసపు నాణేలపై ఏనుగును, ఉజ్జయినీ చిహ్నాన్నే వాడారు. నాగార్జునకొండలో దొరికిన ఆ నాణేలను పక్కన పెట్టి చూస్తే బొమ్మ ఒక్కటే చాలదని అర్థమవుతుంది. అక్కడ చాంతమూల, వీరపురుషదత్త వంటి పేర్లే తేడా తేలుస్తాయి. అందుకే చివరికి అక్షరాల దగ్గరికి రాక తప్పదు.

బ్రాహ్మీ అక్షరాలను పట్టుకోవడం

బ్రాహ్మీ లిపిని 1837 నాటికి జేమ్స్ ప్రిన్సెప్ చదవగలిగాడు. ఈ లిపి చదవడంలో నాణేలు కూడా ఎంతో తోడ్పడ్డాయి. మన తెలుగు లిపికి మూలం కూడా ఇదే కనుక, నేర్చుకోవడం అనుకున్నంత కష్టం కాదు. శాతవాహన నాణేల కోసం మొత్తం అక్షరమాల రావలసిన పని లేదు. పదిహేను అక్షరాలు వస్తే చాలా నాణేలు చదవవచ్చు.

భాష ప్రాకృతం. వాక్యం దాదాపు ఎప్పుడూ ఒకే అచ్చులో ఉంటుంది: ‘రఞో సిరి సాతకణిస’. అంటే ‘రాజు శ్రీ శాతకర్ణి యొక్క’ అని. నాణెం అన్న మాటను చదివేవారే చేర్చుకోవాలి. కొన్నిటిలో తల్లి పేరు ముందు వస్తుంది: గోతమిపుతస, వాసిఠిపుతస, మాఢరిపుతస. ఈ వాక్యం ఎప్పుడూ ‘స’తో ముగుస్తుందన్నది మీ చేతిలో ఉన్న పెద్ద తాళంచెవి. ముందు ‘స’ను, తర్వాత సులువైన అక్షరాలను వెతకండి. ‘క’ నిలువు కాలు పొడుగైన కూడిక గుర్తులా ఉంటుంది. ‘త’ కింద రెండు కాళ్ళు చాపి నిలబడిన మనిషిలా ఉంటుంది. ‘ణ’ పైన, కింద అడ్డగీతలు ఉన్న నిలువు గీత. ‘ర’ ఒక్క నిలువు గీత, తర్వాతి కాలంలో దాని అడుగు కొంచెం ఎడమకు వంగుతుంది. ‘వ’ సున్నా మీద చిన్న కొమ్ము. ‘ప’ పైన తెరుచుకున్న గిన్నె. ‘మ’ సున్నాకు రెండు కొమ్ములు మొలిచినట్టు ఉంటుంది. పక్కపక్కనే రెండు అక్షరాలకు గుడి కనిపిస్తే అది చాలా వరకు ‘సిరి’. రాజు పేరు దాని తర్వాతే మొదలవుతుంది.

నా దగ్గర ఉన్న ఒక పోటిన్ నాణేన్ని ఉదాహరణగా చూపుతాను. ఏనుగు కుడివైపు తిరిగి ఉంది, తొండం పైకి లేచి ఉంది. అచ్చు బిళ్ళ కంటే పెద్దది కావడంతో ఎడమ అంచులో అక్షరాలు అసలు పడలేదు. కొన్న రోజున అమ్మినవారు చెప్పిన మాటను నమ్మి కవరు మీద ‘యజ్ఞ శాతకర్ణి’ అని రాసి పెట్టాను. రెండేళ్ళ తర్వాత ఒక సాయంత్రం పక్క వెలుతురులో తిప్పి చూస్తుంటే, ఏనుగు తొండం పైన గిన్నె లాంటి అక్షరం, దాని అడుగున కొమ్ము గుర్తు కనిపించాయి. అది ‘పు’. దాని తర్వాత ‘లు’ సగం ఉంది. అంచు చివర ‘విస’ స్పష్టంగా ఉంది. అంటే ఆ నాణెం పులుమావిది. రెండేళ్ళు నేను తప్పు పేరుతో దాచిన నాణెం, అన్నాళ్ళూ తన సొంత పేరును తొండం పైనే మోస్తూ ఉంది. అప్పటి నుంచి, చదివిన అక్షరాలను మాత్రమే రాసి, మిగతా చోట చుక్కలు పెట్టడం నియమంగా పెట్టుకున్నాను. ‘సిరి … తకణి’ అని మాత్రమే కనిపిస్తే అంతే రాయాలి. శాతకర్ణులు చాలామంది ఉన్నారు. వారిలో ఎవరో తేల్చడానికి తల్లి పేరు గాని, దొరికిన చోటు గాని కావాలి.

ఒకే రకం నాణేలు రెండు మూడు దొరికితే, ఒకదానిలో పోయిన అక్షరం మరోదానిలో దొరుకుతుంది. పండితులు కూడా ఇలాగే ముక్కలు కలిపి పూర్తి వాక్యం రాబట్టారు. అందువల్ల ఒకే రకం నాణెం మళ్ళీ దొరికితే అక్కరలేదని పక్కన పెట్టవద్దు.

వెండి నాణేల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగువారిగా మనకు అవి ఎంతో దగ్గరివి. రాజు తల ఉన్న వైపు ప్రాకృతం, మరో వైపు ద్రావిడ భాష ఉంటాయి. వాసిష్ఠీపుత్రుల నాణేలపై ‘పుతస’ అన్న మాటకు సమానంగా ‘మకణకు’ అని, ‘సిరి’కి బదులు ‘తిరు’ లేదా ‘హిరు’ అని, పేరు చివర ‘కు’ ప్రత్యయం చేర్చి రాసినట్టు పండితులు చదివారు. అది తెలుగుకు దగ్గరిదా, తమిళానికి దగ్గరిదా అన్న చర్చ ముగియలేదు. కాని ‘రాముకు’, ‘సీతకు’ అని రోజూ పలికే ‘కు’ దాదాపు పద్దెనిమిది వందల ఏళ్ళ నాటి వెండి మీద కనిపించడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. ఇవి అరుదైనవి, ఖరీదైనవి, నకిలీలు కూడా ఎక్కువ. పశ్చిమ క్షత్రపుల వెండి నాణేలతో వీటిని కలగలపకుండా ఉండాలంటే బొరుసు చూడాలి. క్షత్రపులది మూడు వంపుల కొండ. శాతవాహనులది ఆరు వంపుల కొండ, పక్కన ఉజ్జయినీ చిహ్నం.

రెండు రాజ్యాల గుర్తులు ఒకే నాణెంపై కనిపిస్తే కంగారు పడవద్దు. గౌతమీపుత్ర శాతకర్ణి క్షత్రపుడైన నహపాణుణ్ణి ఓడించాక, అతని వెండి నాణేలను కరిగించకుండా వాటి మీదే తన కొండ గుర్తును, ఉజ్జయినీ చిహ్నాన్ని గుద్దించాడు. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో దొరికిన పదమూడు వేలకు పైగా నాణేలలో తొమ్మిది వేలకు మించి ఇలా మళ్ళీ ముద్ర పడినవే. నహపాణుడి ముఖం మీద శాతకర్ణి కొండ అడ్డంగా పడి ఉన్న ఆ నాణేలు, యుద్ధంలో ఎవరు గెలిచారో చెప్పే తిరుగులేని సాక్ష్యాలు.

నకిలీలు, మోసాలు

పోత పోసిన నకిలీని పట్టుకోవడానికి అంచు మీద సన్నని అతుకు గీత, ఉపరితలంపై గాలి బుడగల గుంటలు, సబ్బు అరిగినట్టు మెత్తబడిన అక్షరాల అంచులు చూడాలని సాధారణంగా చెబుతారు. శాతవాహన నాణేల విషయంలో ఈ సూత్రాన్ని ఉన్నది ఉన్నట్టు వాడకూడదు. వాటిలో నిజంగా పోత పోసినవీ, పోసిన బిళ్ళ మీద అచ్చు కొట్టినవీ ఉన్నాయి కాబట్టి అంచు మీద పోత ఆనవాలు కనిపించినంత మాత్రాన నకిలీ కాదు. ఇంతకంటే గట్టి పరీక్ష పోలిక. రెండు నాణేలపై అరిగిన చోటు, గీత పడిన చోటు, అక్షరం తెగిన చోటు ఒక్కలాగే ఉంటే ఆ రెండూ ఒకే మూసలోంచి ఈ మధ్య వచ్చినవి. అరుగుదల నాణెం నాణేనికీ వేరుగా ఉండాలి. అక్షరాలన్నీ పూర్తిగా, సమానంగా, బిళ్ళ మధ్యలో చక్కగా కుదిరిన శాతవాహన నాణెం చూపితే సంతోషం కంటే అనుమానం ముందు రావాలి.

ఇంకా కొన్ని వస్తువులు మన ప్రాంతంలో ప్రాచీన నాణేల పేరుతో తిరుగుతుంటాయి. పూజగదుల్లో ఉండే రామటెంకెలు పూజకు ఉద్దేశించిన ముద్రలే గాని చెలామణి డబ్బు కావు. హనుమంతుడి బొమ్మతో ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు, 1818 అంకె వేసిన రాగి బిళ్ళలను కంపెనీ ముద్రించలేదు. బియ్యపు గింజలను లాక్కునే రాగి నాణెం అంటూ లక్షలు గుంజే ‘రైస్ పుల్లింగ్’ ముఠాలను పోలీసులు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పలుమార్లు పట్టుకున్నారు. ఏ నాణేనికీ అలాంటి శక్తి లేదు. ఆ మాట ఎత్తిన మనిషి దగ్గర ఇంకేమీ కొనవద్దు, ఇంట్లో పెద్దవారిని కూడా ముందే హెచ్చరించండి.

శుభ్రం చేయడం గురించి

చేయవద్దు. ఇంట్లో ఇత్తడి సామాను చింతపండుతో తోమినట్టు నాణేన్ని తోమితే దాని మీది పాత పొర పోతుంది, పొరతో పాటు అక్షరాలూ పోతాయి. ఈ అభిరుచి తొలి రోజుల్లో నేను ఒక రాగి నాణేన్ని అలా తోమాను. పది నిమిషాల్లో అది కొత్త గుండీలా మెరిసింది. అంతకుముందు కనిపించిన చెట్టు కొమ్మలు మళ్ళీ కనిపించలేదు. మట్టి గట్టిగా అంటుకుని ఉంటే, రాగి, వెండి నాణేలను డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, మెత్తబడిన మట్టిని వెదురు పుల్లతో మెల్లగా తొలగించవచ్చు. సీసాన్ని మాత్రం నానబెట్టకూడదు, శుద్ధమైన నీరు దానిని తినేస్తుంది. రాగి మీద గట్టిగా, నునుపుగా ఉన్న చిలుము మేలు చేసేదే. లేత ఆకుపచ్చ పొడిలా రాలేది మాత్రం రోగం. ఆ నాణేన్ని వెంటనే మిగిలినవాటి నుంచి వేరు చేసి, తేమ లేని చోట పెట్టి, లోహ వస్తువుల సంరక్షణ తెలిసినవారికి చూపించాలి.

సీసపు నాణేలకు చెక్క పెట్టె, అట్టపెట్టె శత్రువులు. చెక్క నుంచి, జిగురు నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తెల్లని పొడిగా మారుస్తుంది. కొన్నేళ్ళలో బొమ్మ మొత్తం రాలిపోతుంది. ఆ పొడి విషం కూడా. అందుకే సీసపు నాణేలు ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పిల్లలకు అందకుండా ఉంచాలి. మెత్తని పీవీసీ కవర్లు రాగికి, వెండికి జిగటగా ఆకుపచ్చ మరక పట్టిస్తాయి. మైలార్ కవర్లు గాని, గట్టి ప్లాస్టిక్ గుళికలు గాని వాడి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, వానాకాలంలో దానిని మార్చుతూ ఉండండి.

కొనడం, రాసి పెట్టడం

లైసెన్సు ఉండి, రసీదు ఇచ్చి, నాణెం తన దగ్గరికి ఎలా వచ్చిందో చెప్పగలిగిన వ్యాపారి దగ్గరే కొనండి. ‘నిన్ననే పొలంలో దొరికింది’ అని చెప్పి మట్టితో సహా చేతిలో పెట్టేవారి దగ్గర అసలే కొనవద్దు. ఆ మాట అబద్ధమైతే నాణెం నకిలీ, నిజమైతే ఆ కొనుగోలు నేరం. పాత సేకరణలు చేతులు మారినప్పుడు వాటితో వచ్చే పాత కవర్లను, చీటీలను, మాసిపోయిన చేతిరాతను పారేయకండి. ముప్పై ఏళ్ళ కిందటి సేకర్త ‘ధూళికట్ట’ అని ఊరి పేరు పెన్సిలుతో రాసిన ముక్క, నాణెం మీద కనిపించని విషయాన్ని చెబుతుంది.

ప్రతి నాణేనికీ ఒక చీటీ ఉండాలి. పుస్తకంలోనో కంప్యూటరులోనో రాసినా సరే, చీటీ మాత్రం నాణెంతోనే ఉండాలి. మీ తర్వాత ఆ డబ్బా తెరిచేవారికి మీ కంప్యూటరు అందుతుందన్న నమ్మకం లేదు. లోహం, తూకం, వ్యాసం, మందం, బొమ్మ వైపు ఏమి కనిపిస్తోంది, బొరుసు వైపు ఏమి కనిపిస్తోంది, చదవగలిగిన అక్షరాలు, ఎవరి దగ్గర ఏ తేదీన ఎంతకు కొన్నది, దొరికిన చోటు గురించి చెప్పిన మాట, అది చెప్పినది ఎవరు అన్నవి రాయండి. చూసినదాన్ని ఇంకుతో, ఊహించినదాన్ని పెన్సిలుతో రాయడం నా పద్ధతి. ఇందాక చెప్పిన పోటిన్ నాణెం చీటీ మీద ఇప్పుడు ఇలా ఉంది: ‘పోటిన్. 2.41 గ్రా. 15 మి.మీ. బొమ్మ: ఏనుగు కుడికి, తొండం పైకి; … పులు … విస. బొరుసు: ఉజ్జయినీ చిహ్నం, ఒక సున్నా అరిగింది. పాత సేకరణ నుంచి. దొరికిన చోటు రాసి లేదు.’ దాని కింద పెన్సిలుతో: ‘విదర్భ?’